నెత్తి మీది శాటిలైట్ ఎప్పుడు పనికొస్తుంది? దక్షిణ తెలంగాణ హ్యామ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

శాటిలైట్ ఎప్పుడొస్తుందో లెక్కగట్టే యాప్‌లో పాస్ ఉందంటుంది, బంగ్ల మీదికెక్కి యాంటెన్నా ఎత్తితే ఉస్సుమనే శబ్దం తప్ప ఏమీ ఉండదు. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి వైపు హ్యామ్ రేడియోతో (లైసెన్స్ తీసుకుని సరదాకు నడిపే రేడియో) కొత్తగా శాటిలైట్లు మొదలుపెట్టినవాళ్ల సందేహాలన్నీ దాదాపు ఈ చుట్టే తిరుగుతాయి. యాప్ చెప్పేది ఒట్టి రేఖాగణితం. మీ ఇంటి పక్క గుట్ట దానికి తెలియదు. శాటిలైట్ బ్యాటరీ పోయిందని తెలియదు. ఆదివారం దేశమంతా ఆ శాటిలైట్ ఒక్క ఛానెల్ మీదే పడుతుందనీ తెలియదు. అవన్నీ తీసేయగా మిగిలే నాలుగైదు నిమిషాలే మీ చేతికొచ్చేవి. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకునేలా రాశాం.

## మొదలుపెట్టే ముందు

శాటిలైట్ "పాస్" అంటే సరిగ్గా మా ఊరి మీదుగా పోవడమేనా?

కాదు. శాటిలైట్ మీ ఆకాశపు అంచు దాటి పైకొచ్చి, మళ్లీ అంచు కిందికి దిగిపోయేదాకా ఉన్న సమయమంతా పాసే. అది బంగాళాఖాతం మీద ఉన్నా, గుజరాత్ మీద ఉన్నా మీకు కనిపిస్తుంటే పాస్ కిందే లెక్క. ఎంత ఎత్తున కనిపిస్తుందో చెప్పేది ఎలివేషన్: అంచు మీద 0 డిగ్రీలు, నడినెత్తిన 90. ఏ దిక్కున అనేది అజిమత్: ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఈ రెండు అంకెలు చదవడం వస్తే సగం పని అయినట్టే.

ఒక పాస్ ఎంతసేపు ఉంటుంది? రోజుకు ఎన్ని వస్తాయి?

అది శాటిలైట్ ఎత్తును బట్టి ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అంటే ఐఎస్ఎస్, సుమారు 420 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. నడినెత్తి మీదుగా పోయినా అంచు నుంచి అంచుకు పదిన్నర నిమిషాలే. 10 డిగ్రీల పైన ఉండేది ఆరున్నర నిమిషాలు. ఎస్ఓ-50 అనే హ్యామ్ శాటిలైట్ కాస్త ఎత్తు కనుక 13 నిమిషాల దాకా వస్తుంది. 1450 కిలోమీటర్ల మీదున్న పాత హ్యామ్ శాటిలైట్ ఏఓ-7 అయితే 22 నిమిషాలు కూడా దొరుకుతుంది.

మన అక్షాంశంలో ఐఎస్ఎస్ పాస్‌లు రోజుకు రెండు గుంపులుగా వస్తాయి, గుంపుకు రెండు మూడు. గుంపులో మొదటిది సాధారణంగా తూర్పున, చివరిది పడమరన. ఒక పాస్‌కూ తర్వాతి దానికీ గంటన్నర పైచిలుకు తేడా. ఈ రెండు గుంపుల మధ్య గంటల తరబడి ఏమీ రాకపోతే అది యాప్ తప్పు కాదు.

ఏ శాటిలైట్‌తో మొదలుపెట్టాలి?

వినడానికి ఐఎస్ఎస్‌ను మించింది లేదు. దాని రిపీటర్ (విన్న మాటను మళ్లీ పంపే పరికరం) డౌన్‌లింక్, అంటే కిందికి వచ్చేది, 437.800 మెగాహెర్ట్జ్, అప్‌లింక్, అంటే మీరు పైకి పంపేది, 145.990, రిపీటర్‌ను తెరిచే టోన్ 67 హెర్ట్జ్. వ్యోమగాములు బడి పిల్లలతో మాట్లాడేదీ, అప్పుడప్పుడు బొమ్మలు పంపేదీ 145.800 మీద. సిగ్నల్ గట్టిగా ఉంటుంది కనుక తప్పు ఎక్కడుందో తేలిగ్గా పట్టుకోవచ్చు.

మాటలకు రెండో మెట్టు ఎస్ఓ-50. 2002 డిసెంబర్‌లో ఎగిరిన ఈ శాటిలైట్ పంపేది పావు వాట్ మాత్రమే. దాన్ని వినగలిగారంటే మీ యాంటెన్నా, కేబుల్, లెక్క మూడూ సరిగ్గా ఉన్నట్టే.

వినడానికి ఏం కొనాలి? లైసెన్స్ ఎప్పుడు కావాలి?

ట్రాన్స్‌మిట్ బటన్ నొక్కాలంటే ఏఎస్ఓసీ అనే హ్యామ్ పరీక్ష పాసై లైసెన్స్, కాల్‌సైన్ (గాల్లో మీ గుర్తింపు పేరు) చేతికి రావాలి. అవి రాకముందే ట్రాన్స్‌మిటర్ ఉన్న హ్యాండీ (చేతి రేడియో) కొని ఇంట్లో పెట్టుకోకండి. ముందు ఒక ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌ను రేడియోగా మార్చే చిన్న ముక్క), పాత ల్యాప్‌టాప్, చేత్తో పట్టుకునే యాగి (ఒక దిక్కుకు గురిపెట్టే కడ్డీల యాంటెన్నా) చాలు. పాస్‌లు అంచనా వేయడం, డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం) పట్టడం అన్నీ వీటితోనే నేర్చుకోవచ్చు.

## లెక్క కట్టేటప్పుడు

యాప్‌లో మా ఊరి పేరు దొరకట్లేదు. హైదరాబాద్ పెట్టుకుంటే నడుస్తుందా?

సమయం వరకైతే నడుస్తుంది. నల్గొండకు హైదరాబాద్ సూటిగా 90 కిలోమీటర్ల దూరం, పాస్ సమయంలో తేడా పది పదిహేను సెకన్లకు మించదు. కానీ నడినెత్తి పాస్‌లలో ఎలివేషన్ పది డిగ్రీల పైనే తప్పుతుంది. అంతకంటే ముఖ్యం, శాటిలైట్ మీద పలకరింపులో కాల్‌సైన్‌తో పాటు గ్రిడ్ (మీరున్న చోటును చెప్పే అక్షరాలు, అంకెల కోడ్) కూడా చెప్పుకుంటారు. అది తప్పు చెప్తే అవతలివాళ్ల లాగ్ (ఎవరితో మాట్లాడారో రాసుకునే చిట్టా) కూడా తప్పవుతుంది.

నల్గొండకు 17.05 ఉత్తరం, 79.27 తూర్పు అని కొట్టండి. గ్రిడ్ ఎంకే97పీబీ. సూర్యాపేట ఎంకే97లోనే ఉంది, మిర్యాలగూడ, వనపర్తి ఎంకే96లోకి పోతాయి. 17 డిగ్రీల గీత నల్గొండకు దక్షిణంగా ఆరు కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంది కనుక ఊరి శివార్ల వాళ్లు ఫోన్ జీపీఎస్ చూసుకోవాలి. మహబూబ్‌నగర్ వాళ్లకు ఇంకా తిరకాసు: 78 డిగ్రీల గీత ఊరిని ఆనుకునే పోతుంది. గీతకు పడమర ఇల్లైతే ఎంకే86, తూర్పునైతే ఎంకే96. పక్క వీధి వాడి గ్రిడ్ మీది కాకపోవచ్చు.

టీఎల్ఈ అంటే ఏమిటి? రోజూ కొత్తది తెచ్చుకోవాలా?

శాటిలైట్ కక్ష్యను రెండు వరుసల అంకెల్లో రాసిన చీటీ అది. ఏ యాప్ అయినా దాన్ని తీసుకునే లెక్క కడుతుంది. సెలెస్‌ట్రాక్ లాంటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. చాలా యాప్‌లు నెట్ ఉంటే తామే తెచ్చుకుంటాయి, కొన్ని మీరు అప్‌డేట్ నొక్కేదాకా పాతదే వాడతాయి.

ఎంత పాతది పనికొస్తుందనేది ఎత్తును బట్టి. ఐఎస్ఎస్ కిందగా తిరుగుతుంది, పలచటి గాలి ఈడుస్తూనే ఉంటుంది, మధ్యమధ్యలో ఇంజన్ పెట్టి పైకి నెడతారు. దానికి మూడు నాలుగు రోజులు దాటిన టీఎల్ఈని నమ్మొద్దు. ఎస్ఓ-50కి వారం, రెండు వారాలు పర్వాలేదు. ఏఓ-7కి నెల రోజులది వాడినా చేతి యాంటెన్నాతో తేడా తెలియదు.

చీటీ వయసు చూడటం తేలిక. మొదటి వరుసలో 25032.5 లాంటి అంకె ఉంటుంది. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజు, చుక్క తర్వాతది రోజులో భాగం. అంటే 2025లో 32వ రోజు, ఫిబ్రవరి 1 మధ్యాహ్నం, గ్రీనిచ్ లెక్కన.

పేరుతో వెతికితే ఒక్కోసారి వేరేది తగులుతుంది, క్యాటలాగ్ నంబరుతో వెతకండి: ఐఎస్ఎస్ 25544, ఎస్ఓ-50 27607, ఏఓ-7 07530, ఇంకో హ్యామ్ శాటిలైట్ ఆర్ఎస్-44 44909.

యాప్ చెప్పిన టైముకు ఎప్పుడు పోయినా శాటిలైట్ ఉండట్లేదు. రోజూ ఇంతే. ఎందుకు?

రోజూ ఒకే తీరుగా తప్పుతోందంటే తొంభై పాళ్లు యూటీసీ, అంటే గ్రీనిచ్ టైము గొడవే. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. పట్టికలో 12:42 యూటీసీ అని ఉంటే మనకు సాయంత్రం 6:12. రాత్రి 18:30 యూటీసీ దాటితే మన తేదీ కూడా మారుతుంది. అర్ధరాత్రి దాటాక వచ్చే పాస్‌లను ఒక రోజు ముందో వెనకో పోగొట్టుకునేది ఇక్కడే.

నిమిషం, అర నిమిషం తేడా అయితే ల్యాప్‌టాప్ గడియారం చూడండి. నెట్ లేని పాత ల్యాప్‌టాప్ గడియారం పక్కకు పోతుంది. ఒక్క నిమిషం తప్పితే ఐఎస్ఎస్ 460 కిలోమీటర్లు జరిగిపోయినట్టు.

పాస్ పట్టికలో ఒక వరుసను ఎలా చదవాలి?

ఎస్ఓ-50కి ఇలాంటి వరుస ఒకటి వచ్చిందనుకోండి: మొదలు 18:12, అజిమత్ 215, గరిష్ఠం 18:18:30, అజిమత్ 294, ఎలివేషన్ 48, ముగింపు 18:25, అజిమత్ 13.

దీన్ని బంగ్ల మీద నిలబడి చదవండి. సాయంత్రం ఆరుంబావుకు కాస్త ముందు నైరుతి మూలన లేస్తుంది. పడమర మీదుగా పాకుతూ, పడమరకు కాస్త ఉత్తరంగా సగం ఆకాశం ఎత్తుకు చేరుతుంది. ఉత్తరాన, ఈశాన్యం వైపు ఒక చూపు ఒరిగి దిగిపోతుంది. తూర్పు వైపు అసలు రాదు, కనుక తూర్పున ఎంత పెద్ద బిల్డింగు ఉన్నా మీకు నష్టం లేదు. మొత్తం 13 నిమిషాలైనా 10 డిగ్రీల పైన ఉండేది 8 నిమిషాల పైచిలుకే. అంటే 18:14 ముందు, 18:23 తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఆ మూడు దిక్కులను ముందే గుర్తులతో కట్టుకోండి. నైరుతి అంటే ఆ వేపచెట్టు, గరిష్ఠం అంటే నీళ్ల ట్యాంకు పైన, ముగింపు అంటే సెల్ టవర్ పక్కన అని. పాస్ నడుస్తుండగా ఫోన్ చూడాల్సిన పని తప్పుతుంది. అప్పుడు ఒక చేతిలో యాంటెన్నా, ఇంకో చేతిలో రేడియో ఉంటాయి, ఫోన్‌కు మూడో చెయ్యి లేదు.

నెట్ లేని తండాలోనో పొలం దగ్గరో ఉంటే రేపటి పాస్ అంచనా వేయొచ్చా?

ఐఎస్ఎస్‌కు వేయొచ్చు. అది రోజుకు 15.5 చుట్ల దాకా తిరుగుతుంది, 15 చుట్లకు 23 గంటల 13 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ 7:40కి ఒక పాస్ దొరికితే రేపు 6:52 చుట్టుపక్కల దాదాపు అదే దారిన, కాస్త తూర్పుకు జరిగి వస్తుంది. రెండు రోజులకు మించి ఈ లెక్క పట్టుకుని కూర్చోవద్దు. లేదంటే నెట్ ఉన్నప్పుడే టీఎల్ఈ దింపుకుని పోండి, లుక్‌ఫర్‌శాట్ (ఫోన్ యాప్), జీప్రెడిక్ట్ (కంప్యూటర్ ప్రోగ్రాం) రెండూ ఆ తర్వాత నెట్ లేకుండానే లెక్క కడతాయి.

## మీ ఆకాశాన్ని కొలుచుకోవడం

మా ఇంటి పక్కనే గుట్ట ఉంది. ఎన్ని డిగ్రీలు పోయినట్టు?

చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కింది అంచును కంటి మట్టానికి పెట్టి గుట్ట కొసదాకా ఎన్ని పిడికిళ్లు పడతాయో లెక్కపెట్టండి. లెక్కతో సరిచూసుకోవాలంటే, మీ బంగ్ల కంటే 120 మీటర్లు ఎత్తున్న గుట్ట 700 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 10 డిగ్రీలు మింగేస్తుంది. అదే గుట్ట రెండు కిలోమీటర్ల అవతల ఉంటే మూడున్నర డిగ్రీలే.

నల్గొండ పేరులోనే కొండ ఉంది, గుట్టల పక్క బస్తీల వాళ్లకు ఒక దిక్కు ఎప్పుడూ తక్కువే. అచ్చంపేట వైపు వాళ్లకు దక్షిణాన అమ్రాబాద్ గుట్టలు. అలాంటప్పుడు ఒక కాగితం మీద ఎనిమిది దిక్కులు రాసి, ఒక్కోదాని పక్కన పిడికిళ్ల లెక్కలో డిగ్రీలు వేసి గోడకు అతికించండి. పాస్ పట్టిక వచ్చినప్పుడల్లా దీనితో కలిపి చూస్తే ఏది బంగ్ల మీద పనికొస్తుందో, దేనికి బండి వేసుకుని ఊరవతలికి పోవాలో తేలిపోతుంది. నల్లరేగడి చేల మధ్య రోడ్డు గట్టు మీద నిలబడితే నాలుగు దిక్కులా అంచుదాకా ఖాళీ.

ఫోన్ దిక్సూచి నమ్మొచ్చా?

అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా డిగ్రీ చుట్టుపక్కలే, పట్టించుకోనక్కర్లేదు. తిప్పలు బంగ్ల ఇనుముతో. స్లాబులోంచి పొడుచుకొచ్చిన కడ్డీలు, రేకుల షెడ్డు, ఫోన్ కవర్‌లోని అయస్కాంతం దిక్సూచిని ముప్పై డిగ్రీల దాకా పక్కకు లాగుతాయి. పగలు సూర్యుడితోనో, రాత్రి ధ్రువ నక్షత్రంతోనో ఒకసారి సరిచూసుకోండి. మన అక్షాంశంలో ధ్రువ నక్షత్రం ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తున, అంటే రెండు పిడికిళ్లకు కాస్త కింద ఉంటుంది.

## ఏ పాస్ ఎంచుకోవాలి

ఎలివేషన్ ఎంత ఎక్కువైతే పాస్ అంత మంచిదా?

సిగ్నల్ బలానికి అవును, కానీ అందరూ అనుకున్నంత కాదు. ఐఎస్ఎస్ అంచు మీద ఉన్నప్పుడు మీకు 2350 కిలోమీటర్ల దూరం, 10 డిగ్రీల ఎత్తున 1490, 30 డిగ్రీల ఎత్తున 770, నడినెత్తిన 420. అంచుకూ నెత్తికీ 15 డెసిబెల్ తేడా. అందులో పది దాకా 30 డిగ్రీల ఎత్తుకే వచ్చేస్తుంది.

నడినెత్తి పాస్‌కు తనవైన కష్టాలున్నాయి. సరిగ్గా మధ్యలో యాంటెన్నాను అర నిమిషంలో ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు తిప్పాలి, ఫ్రీక్వెన్సీ కూడా అప్పుడే వేగంగా మారుతుంది. కొత్తవాళ్లకు మా సలహా 30 నుంచి 60 డిగ్రీల మధ్య పాస్‌లు. 85 డిగ్రీల పాస్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది, చేతులే తడబడతాయి.

దుబాయ్‌లో ఉన్న మిత్రునితో ఎస్ఓ-50 మీద మాట్లాడాలి. ఏ పాస్ చూడాలి?

నెత్తి మీది పాస్ మాత్రం కాదు. శాటిలైట్ నల్గొండ నడినెత్తిన ఉన్నప్పుడు దుబాయ్ వాళ్లకు అది అంచు మీద ఒక డిగ్రీ ఎత్తున ఉంటుంది, అంటే లేనట్టే. రెండు ఊళ్ల మధ్య దూరం 2650 కిలోమీటర్లు, మధ్యస్థానం ద్వారక అవతలి సముద్రంలో పడుతుంది. శాటిలైట్ ఆ చుట్టుపక్కల ఉన్నప్పుడు ఇద్దరికీ 15 నుంచి 20 డిగ్రీల ఎత్తున సమంగా కనిపిస్తుంది. కాబట్టి పట్టికలో గరిష్ఠ ఎలివేషన్ 20 దగ్గర, అజిమత్ పడమర, వాయవ్యాల మధ్య ఉన్న పాస్ వెతకండి. చాలామంది తక్కువ ఎలివేషన్ అని కొట్టేసేవి సరిగ్గా ఇవే. అలాంటి పాస్‌కు పడమర దిక్కు ఖాళీగా ఉన్న చోటు తప్పనిసరి.

ఏఓ-7 రాత్రిపూట ఎందుకు పలకదు?

1974 నవంబర్‌లో ఎగిరిన శాటిలైట్ అది. 1981లో బ్యాటరీ పాడై మూగబోయింది, 2002లో మళ్లీ పలికింది. ఇప్పుడు బ్యాటరీ ఆసరా లేదు, సూర్యకాంతి పలకల మీద పడినంతసేపే పని. భూమి నీడలోకి పోగానే ఆరిపోతుంది, బయటికి రాగానే లేస్తుంది. ఇక్కడ చూడాల్సింది మీ దగ్గర పగలా రాత్రా అని కాదు, అంత ఎత్తున దాని మీద ఎండ పడుతోందా అని. జీప్రెడిక్ట్ లాంటివి పాస్‌లో ఏ భాగం ఎండలో, ఏ భాగం నీడలో అనేది చూపిస్తాయి.

యాప్‌లో మన హ్యామ్‌శాట్ కనిపిస్తోంది. దాని మీద మాట్లాడొచ్చా?

లేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మీద ఎగిరిన హ్యామ్‌శాట్, అంటే వీఓ-52, 2014 జులైలో పని ఆపేసింది. కక్ష్య లెక్కకు శాటిలైట్ బతికుందా లేదా అనేది అక్కర్లేదు, టీఎల్ఈ ఉంటే యాప్ పాస్ చూపిస్తుంది. ఏ పేరు చూసినా ముందు ఆమ్‌శాట్ (హ్యామ్ శాటిలైట్ల సంస్థ) స్టేటస్ పేజీలో గత ఒకటి రెండు రోజుల్లో ఎవరైనా విన్నట్టు రాశారా చూడండి. ఎవరూ వినని శాటిలైట్ కోసం బంగ్ల ఎక్కకండి.

ఆదివారం సాయంత్రం ఎంత పిలిచినా ఎవరూ పలకట్లేదు. నా రేడియో తప్పా?

కాకపోవచ్చు. ఎఫ్ఎం శాటిలైట్ అంటే గాల్లో తిరిగే ఒకే ఒక్క రిపీటర్. మన మీదుగా పోయేటప్పుడు అది దేశమంతటికీ, శ్రీలంకకూ వినిపిస్తుంది. ఎవరి సిగ్నల్ బలమైతే వాళ్లదే లోపలికి పోతుంది. పని దినాల్లో తెల్లవారుజాము, రాత్రి పది తర్వాత పాస్‌లు ఖాళీగా ఉంటాయి. శాటిలైట్ దక్షిణాన హిందూ మహాసముద్రం మీదున్న నిమిషాలు కూడా అంతే, అప్పుడు అది తక్కువమందికే కనిపిస్తుంది.

## పాస్ నడుస్తున్నప్పుడు

డౌన్‌లింక్ ఫ్రీక్వెన్సీ కరెక్టుగానే పెట్టాను. మధ్యలో ఒక నిమిషం తప్ప ఏమీ వినపడదు. ఎందుకు?

డాప్లర్. మీ వైపు వస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ పైకి, పోతున్నప్పుడు కిందికి జరుగుతుంది. 437 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల అది పది కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, 145 మీద మూడున్నరే. రాసిన ఫ్రీక్వెన్సీ నిజమయ్యేది పాస్ నడిమధ్యలో మాత్రమే.

ఎస్ఓ-50కి హ్యాండీలో ఐదు మెమరీలు వేసుకోండి. వినేవి వరసగా 436.805, 436.800, 436.795, 436.790, 436.785. పంపేది అన్నింట్లో 145.850, టోన్ 67.0. మొదలయ్యేటప్పుడు మొదటి దాంట్లో ఉండి, మాట గరగరలాడినప్పుడల్లా ఒక మెట్టు దిగండి. మొదటి, చివరి మెమరీల్లో ఎక్కువసేపు ఉంటారు, మధ్య మూడూ గబగబా దాటిపోతాయి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు ఉస్సును మూసేసే ఏర్పాటు) పూర్తిగా తెరిచి ఉంచాలి. శాటిలైట్ వచ్చిందనడానికి మొదటి గుర్తు మాట కాదు, ఉస్సు తగ్గడం.

ఎస్ఓ-50 లెక్క ప్రకారం పైనే ఉంది, మూగగా ఉంది. ఏం చేయాలి?

దాని టైమర్ పది నిమిషాలకు ఆగిపోతుంది. లైసెన్స్ ఉన్నవాళ్లు 74.4 హెర్ట్జ్ టోన్‌తో రెండు సెకన్లు క్యారియర్ (మాట లేని ఒట్టి సిగ్నల్) ఇస్తే మళ్లీ లేస్తుంది, తర్వాత 67 టోన్‌తో మాట్లాడాలి. దీనికో ఆరో మెమరీ వేసుకోండి. లేచిందో లేదో వినకుండా పదే పదే నొక్కడం మాత్రం పద్ధతి కాదు, ఇంకెవరో అప్పటికే మాట్లాడుతుండొచ్చు.

సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. యాంటెన్నా శాటిలైట్ వైపే ఉందే?

శాటిలైట్ దొర్లుతూ పోతుంటుంది, దాని యాంటెన్నా కోణం మారుతూనే ఉంటుంది. యాగిని గురి తప్పకుండా మణికట్టుతో నిలువు నుంచి అడ్డానికి మెల్లగా మెలితిప్పండి, ఎక్కడో ఒకచోట మాట తేటపడుతుంది. హ్యాండీ సొంత రబ్బరు యాంటెన్నాతో వింటుంటే కొసను శాటిలైట్ వైపు చూపకండి, కొస వైపు అది దాదాపు చెవిటిది. పక్క భాగం శాటిలైట్‌కు ఎదురయ్యేలా వంచండి.

రెండు హ్యాండీలు ఎందుకంటారు?

ఒకదానితో పంపుతూ ఇంకోదానితో డౌన్‌లింక్‌లో మీ గొంతు మీరే వినడానికి. గొంతు వినపడకపోతే ఆపేయాలని వెంటనే తెలుస్తుంది. వినేదానికి ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదంటే కీచుమని గోల.

మబ్బు పడితే, వాన వస్తే పాస్ పోయినట్టేనా?

ఈ ఫ్రీక్వెన్సీలకు మబ్బూ వానా లెక్కలోకి రావు. ఉరుము వినపడితే మాత్రం దిగిపోండి, బంగ్ల మీద ఇనుప కడ్డీ ఎత్తి పట్టుకునే సమయం కాదది. మే నెల మధ్యాహ్నాల్లో ఇంకో ఇబ్బంది: ఎండలో పెట్టిన హ్యాండీ ఐదు వాట్ల మీద రెండు నిమిషాలు నొక్కితే చెయ్యి కాలుతుంది, కొన్ని మోడళ్లు తామే పవర్ తగ్గించుకుంటాయి. తడిగుడ్డ కప్పిన పెట్టెలో ఉంచి, పాస్ మొదలయ్యాకే బయటికి తీయండి.

పాస్‌ల కోసం కాచుకునే పని లేని శాటిలైట్ ఏదైనా ఉందా?

క్యూఓ-100 ఉంది. భూమితో పాటే తిరుగుతూ 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉంటుంది. నల్గొండ నుంచి అజిమత్ 258, ఎలివేషన్ 27, ఎప్పుడు చూసినా అక్కడే. డౌన్‌లింక్ 10489 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది కనుక హ్యాండీ పనికిరాదు. డీటీహెచ్ డిష్, మంచి ఎల్ఎన్‌బీ (డిష్ ముందుండే సిగ్నల్ పట్టే ముక్క), ఎస్‌డీఆర్ డాంగిల్ కావాలి. డిష్‌ను పడమరకు పన్నెండు డిగ్రీలు దక్షిణంగా తిప్పి బిగిస్తే చాలు, ఆ దిక్కున మూడు పిడికిళ్ల ఎత్తు దాకా చెట్టు కొమ్మ అడ్డం లేకపోతే.